నూలుబట్టయు లవంగమొగ్గయు: తెలుగు తీరమునకు ఐరోపా ఓడలు

సుగంధ ద్రవ్యముల కొరకై ఐరోపావారు క్రొత్త సముద్రమార్గములు వెదకుచు భారతదేశమునకు వచ్చిరని ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థియు చదివియే యుండును. ఈ వాక్యము సత్యమే. కాని దానిని తెలుగుదేశపు పటముపై ఉంచి చూచినచో ఒక చిక్కుప్రశ్న ఎదురగును. మిరియాలు పండునది పడమటి తీరమున, మలబారులో. లవంగములును జాజికాయలును ఆ కాలమున పండినవి ఎక్కడో తూర్పున, నేటి ఇండోనీషియాకు చెందిన మొలుక్కస్, బాండా అను చిన్న దీవులలో. మచిలీపట్నములోగాని, నిజాంపట్నములోగాని ఓడ నింపుటకు చాలిన మిరియపు తోటలు లేవు. లవంగపు తోట అసలే లేదు. అయినను 1605 మొదలు డచ్చివారును, 1611 మొదలు ఇంగ్లీషువారును వేలకొలది మైళ్లు దాటి ఈ తీరమునకే వచ్చి లంగరు దించిరి. ఎందులకు?

ఈ ప్రశ్నకు సమాధానము పామిడివంటి ఊరిలో నివసించువారికి త్వరగా తట్టవలెను. పామిడి సముద్రమునకు 250 కిలోమీటర్లకు పైగా దూరమున, అనంతపురపు మెట్టభూముల నడుమ, పెన్న ఒడ్డున నున్నది. ఈ ఊరు బట్టల వ్యాపారమునకు పేరుపడినది. మంచి బట్ట దొరకుచోటికి వర్తకుడు ఎంత దూరమునుండియైనను వచ్చునని ఇచటి వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఐరోపా ఓడలు తెలుగు తీరమునకు వచ్చినది బట్ట కొరకే. ఆ బట్ట వారికి కట్టుకొనుటకు కాదు, లవంగములు కొనుటకు. ఈ విచిత్రమైన బేరము ఎట్లు ఏర్పడెనో, దాని వెనుక గాలియు నక్షత్రములును రంగులును ఎట్లు పనిచేసెనో ఈ వ్యాసమున పరిశీలింతము.

ముందుగనే ఉన్న త్రోవ

మొదట ఒక విషయము స్పష్టము చేసికొనవలెను. హిందూ మహాసముద్రము ఐరోపావారు వచ్చుటకు పూర్వము నిర్మానుష్యముగ లేదు. నేటి బాపట్ల జిల్లాలోనున్న మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవు. 1244–45లో గణపతిదేవ చక్రవర్తి అచట ఒక అభయశాసనము వేయించెను. అంతకుముందు తుపానుకు చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు పాలకులు స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నియమిత సుంకము మాత్రమే తీసికొని తక్కిన సరకును వర్తకులకే విడిచిపెట్టెదనని ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. సముద్రవర్తకులు తరచుగ రాని చోట ఇట్టి శాసనముతో పనియుండదు. ఆ శతాబ్దపు చివరనే వెనిసు నగరవాసియగు మార్కోపోలో తన గ్రంథమున ఈ రాజ్యపు వజ్రములను, సాలెగూటివలె సన్నని ఇచటి వస్త్రములను వర్ణించెను.

తూర్పున మలయా తీరముననున్న మలక్కా రేవులో 15వ శతాబ్దినాటికే మన తీరపు వర్తకులు స్థిరపడియుండిరి. మలయాలో వారిని క్లింగులని పిలిచిరి. ఈ పేరు కళింగ శబ్దమునుండి పుట్టినది; తెలుగువారికిని తమిళులకును కలిపి వాడబడినది. వీరు నూలుబట్టలు తీసికొనిపోయి, దీవులనుండి వచ్చిన లవంగములు, జాజికాయలు, జాపత్రి కొనితెచ్చుచుండిరి. కనుక ఐరోపావారు సముద్రమును క్రొత్తగ తెరచిరనుటకంటె, అదివరకే సందడిగనున్న బజారునకు క్రొత్త వీధిగుండ వచ్చి చేరిరనుట సమంజసము. ఆ క్రొత్త వీధి ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టివచ్చు సముద్రమార్గము.

ధ్రువనక్షత్రము కనబడని చోట

ఆ మార్గమును పట్టుట సామాన్యమైన పని కాదు. తీరము కనబడని నడిసముద్రమున ఓడ ఎక్కడనున్నదో తెలియుట ఎట్లు? ఉత్తరార్ధగోళమున దీనికి ఒక తేలిక ఉపాయము కలదు. ధ్రువనక్షత్రము దిగంతమునకు ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడునో, ఆ స్థలపు అక్షాంశము ఇంచుమించుగ అన్ని డిగ్రీలు. పామిడి అక్షాంశము సుమారు 15 డిగ్రీలు. చేయి చాచి పట్టిన పిడికిలి మన కంటికి సుమారు 10 డిగ్రీల వెడల్పు కనబడును. కనుక ఉత్తర దిగంతమునుండి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తున ధ్రువుడు ఉండవలెను. మబ్బులేని రాత్రి విద్యార్థులు దీనిని స్వయముగ పరీక్షింపవచ్చును. పోర్చుగలు రాజధానియగు లిస్బన్ నగరమున ఇదే నక్షత్రము సుమారు 39 డిగ్రీల ఎత్తున కనబడును.

అరబ్బు, గుజరాతీ నావికులు ఈ కొలతకు కమాల్ అను సాధనమును వాడిరి. అది ఒక చిన్న చెక్కపలక, దానికి ముడులు వేసిన ఒక త్రాడు. త్రాటిని పంట కరచి, పలక క్రింది అంచును దిగంతమునకు, పై అంచును నక్షత్రమునకు సరిపెట్టి, ఏ ముడివద్ద సరిపోయెనో చూచి అక్షాంశము గ్రహించెడివారు. ఒక్కొక్క రేవునకు ఒక్కొక్క ముడి.

కాని దక్షిణముగ పోయి భూమధ్యరేఖ దాటిన పిమ్మట ధ్రువనక్షత్రము దిగంతము క్రిందికి దిగిపోవును. ఆఫ్రికాను చుట్టి రాదలచిన పోర్చుగీసువారికి ఇదియే గొప్ప ఆటంకమయ్యెను. అందుచే వారు మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలుచుట నేర్చిరి. సూర్యుడు సంవత్సరమంతయు ఒకే ఎత్తున నుండడు. ఉత్తరాయణ దక్షిణాయనములలో మారుచుండును. ఏ దినమున ఎంత మార్పో తెలుపు పట్టికలు కావలెను. యూదు ఖగోళవేత్త అబ్రహాము జకూతో గణించిన పట్టికలు వారికి ఉపయోగపడినవి. ఇట్లు అక్షాంశము తెలిసినను రేఖాంశము మాత్రము తెలియలేదు. దానికి సముద్రముపై తప్పక నడచు గడియారము కావలెను. అట్టి గడియారమును ఇంగ్లండులో జాన్ హారిసన్ 18వ శతాబ్దిలోగాని సిద్ధపరుపలేదు. కనుక మనము చెప్పుకొనుచున్న ఈ యాత్రలన్నియు తూర్పు పడమరల విషయమున అంచనాపై నడచినవే.

గాలి చెప్పిన పాఠము

1488లో బార్తొలొమ్యు డయస్ ఆఫ్రికా దక్షిణాగ్రమును దాటి వెనుకకు మరలెను. 1497 జూలై 8న వాస్కో డ గామా నాలుగు ఓడలతో లిస్బన్ విడిచెను. ఆయన ఆఫ్రికా తీరమును అంటిపెట్టుకొని పోలేదు. ఆ తీరము వెంబడి ఎదురుగాలులు, ఎదురు ప్రవాహములు ఉండును. కనుక అట్లాంటిక్ సముద్రములోనికి విల్లువలె వంగి పడమరకు పోయి, దక్షిణమున పడమటిగాలిని అందుకొని తిరిగివచ్చెను. ఈ విధముగ సుమారు మూడు నెలలపాటు వారికి నేల కనబడలేదు. చూపునకు దూరమైన త్రోవయే గాలికి దగ్గర త్రోవ. తెరచాప ఓడల కాలమున భూగోళపటముకంటె గాలిపటమే ముఖ్యమనవచ్చును.

తూర్పు ఆఫ్రికాలోని మాలిందీ రేవులో గామాకు గుజరాతీయుడైన ఓడ మార్గదర్శి లభించెను. 1498 ఏప్రిలు 24న మాలిందీ విడిచిన ఓడలు మే 20న కాలికట్టు సమీపమున లంగరు వేసినవి. అనగా అరేబియా సముద్రమును దాటుటకు 26 దినములు పట్టెను. తిరుగు ప్రయాణము చూడుడు. అక్టోబరు 5న అంజదీవ్ దీవి నుండి బయలుదేరినవారు ఆఫ్రికా తీరము చూచుసరికి 1499 జనవరి వచ్చెను. సుమారు మూడు నెలలు! అదే సముద్రము, అవే ఓడలు, అదే దళపతి. భేదమెక్కడ?

భేదము గాలిలో నున్నది. వేసవిలో ఆసియా భూఖండము సముద్రముకంటె ఎక్కువగ వేడెక్కును. నేలపై గాలి తేలికపడి పైకి లేచును. ఆ చోటికి సముద్రమునుండి గాలి వచ్చును. భూమధ్యరేఖకు దక్షిణమునుండి వచ్చు ఈ గాలి, భూభ్రమణమువలన కుడివైపునకు ఒరిగి, నైరృతి దిక్కునుండి వీచును. శీతకాలమున నేల త్వరగ చల్లబడును కనుక గాలి తారుమారై ఈశాన్యమునుండి వీచును. గామా వచ్చునపుడు మార్గదర్శి సరియైన కాలము ఎన్నుకొనెను. నైరృతి గాలి బలపడి సముద్రము చెలరేగుటకు ముందే ఒడ్డు చేర్చెను. తిరిగి పోవునపుడు గామా ఆ గాలి మారువరకు ఆగలేదు. డిసెంబరు వరకు ఓపికపట్టినచో ఈశాన్యపు గాలి ఆయనను కొలది వారములలోనే ఆఫ్రికాకు చేర్చియుండెడిది. తొందరపాటు ఫలితముగ తాజా ఆహారము లేక స్కర్వీ వ్యాధి ప్రబలెను. చిగుళ్లు వాచి, కాళ్లు ఉబ్బి ముప్పదిమంది వరకు మరణించిరి. ఓడలు నడుపుటకు మనుష్యులు చాలక ఒక ఓడను తగులబెట్టవలసివచ్చెను. సుమారు 170 మంది బయలుదేరగా సగముమందియైనను తిరిగి ఇల్లు చేరలేదు.

ఈ నైరృతి గాలియే అనంతపురమునకు వాన తేవలసిన గాలి. అరేబియా సముద్రమునుండి నీటిని మోసికొనివచ్చి పడమటి కనుమలపై కుమ్మరించి, పీఠభూమిపైకి వచ్చుసరికి అది చాలవరకు పొడిగాలియగును. అందుచేతనే మన జిల్లాలో సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఓడవానికి త్రోవ చూపిన గాలియు, రైతునకు ముఖము చాటువేయు గాలియు ఒక్కటే. ఈ సంగతి మరల ప్రస్తావనకు వచ్చును.

కాలికట్టులో నవ్వు

గామా కాలికట్టు పాలకుడగు జామొరినునకు కానుకలు పంపదలచెను. పన్నెండు చారల గుడ్డలు, కొన్ని టోపీలు, పగడపు పేరులు, చేతులు కడుగుకొను పళ్లెములు, కొంత పంచదార, నూనె, తేనె సిద్ధపరచెను. వీనిని చూచిన అధికారులు నవ్విరి. మక్కానుండి వచ్చు అతి పేద వర్తకుడైనను ఇంతకంటె ఎక్కువ ఇచ్చునని వారి భావము.

ఈ నవ్వులోనే ఐరోపావారి అసలు చిక్కు దాగియున్నది. మార్గము దొరకెను; కాని ఆ మార్గమున తెచ్చి అమ్ముటకు సరకు లేదు. ఐరోపాలో తయారగు దళసరి ఉన్నిబట్ట ఉష్ణదేశములలో ఎవరికి కావలెను? వెండి బంగారములు తేవచ్చును. కాని ఎంతకాలము తేగలరు? నౌకాయానశాస్త్రము చూపిన త్రోవకు వర్తకశాస్త్రము అడ్డుపడెను.

1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకొనిరి. లవంగము పండు దీవులలో నాణెముకంటె బట్ట ఎక్కువ చెల్లునని వారు అచట కనుగొనిరి. దీవుల ప్రజలు ధరించుటకును, పెండ్లి మొదలగు శుభకార్యములలో ఇచ్చిపుచ్చుకొనుటకును, సంపదగ దాచుకొనుటకును భారతదేశపు నూలుబట్టనే కోరుచుండిరి. గుజరాతునుండియు, మన కోరమండల తీరమునుండియు ఆ బట్ట పోవుచుండెను. లవంగముల పెట్టెకు తాళపుచెవి మన మగ్గముపై నున్నదన్నమాట.

ఇంగ్లీషువారికి ఈ పాఠము మరియొక విధముగ బోధపడెను. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి రాజపత్రము లభించెను. మరుసటి యేట జేమ్సు లాంకాస్టరు నాయకత్వమున మొదటి ఓడలు బయలుదేరినవి. ఈయన తన ఓడలో నావికులకు నిమ్మజాతి పండ్లరసము త్రాగించి స్కర్వీని చాలవరకు అరికట్టెను. కాని సుమత్రాకు పోయి చూడగా తెచ్చిన ఇంగ్లీషు సరకునకు గిరాకి లేదు. చివరకు 1602లో మలక్కా జలసంధిలో ఒక పోర్చుగీసు ఓడను పట్టుకొని దోచుకొనెను. అది మైలాపూరు వద్దనున్న శాంథోము రేవునుండి నూలుబట్టల మూటలతో వచ్చుచున్న ఓడ. ఆ బట్టలే ఆయనకు బంటాములో మిరియాలు కొనుటకు అక్కరకు వచ్చినవి. ఇంగ్లీషు కంపెనీ మొదటి యాత్ర గట్టెక్కుటలో కోరమండల తీరపు నేతగాని శ్రమ, దోపిడి రూపమున, ఇట్లు చేరియున్నది.

మచిలీపట్నమున లంగరు

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602 మార్చి 20న స్థాపింపబడెను. మూడేండ్లలోనే, అనగా 1605లో, వారి ఓడ మచిలీపట్నమునకు వచ్చెను. ఆ రేవు గోలకొండ సుల్తానుల పాలనలోనిది. 1606నాటికి నిజాంపట్నమునను వారు వర్తకము ప్రారంభించిరి. ఈ ఊరిని ఐరోపావారు పెటపోలి అని వ్రాసిరి. 1610లో పులికాటులో నిలదొక్కుకొనిరి. డచ్చివారిలో హెండ్రిక్ బ్రౌవర్ అను అధికారి కోరమండలమును మొలుక్కస్ దీవులకు ఎడమచేయి వంటిదని పోల్చెను. ఈ చేయి లేనిచో ఆ దీవుల వ్యాపారము సాగదని ఆయన తాత్పర్యము. ఈయనయే 1611లో క్రొత్త సముద్రమార్గము కనుగొన్నవాడు. ఆఫ్రికా దక్షిణాగ్రము దాటగనే ఉత్తరమునకు తిరుగక, 40 డిగ్రీల దక్షిణ అక్షాంశమున వీచు బలమైన పడమటిగాలిలో తూర్పుగ పోయి, పిమ్మట జావా వైపునకు తిరిగెను. అదివరకు ఒక్కొక్కప్పుడు ఏడాది పట్టు ప్రయాణము ఆరునెలలకు దిగెను.

ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ 1611 ఫిబ్రవరిలో బయలుదేరి ఆగస్టునాటికి మన తీరము చేరెను. దళపతి ఆంథొనీ హిప్పన్. వర్తకము నడిపినవారు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతెనిస్ అను ఇరువురు. వీరు హాలెండు ప్రాంతమువారు. ఇంతకుముందు డచ్చివారి కొలువులో తూర్పుదేశముల అనుభవము సంపాదించినవారు. పులికాటులో డచ్చివారు వీరిని నిలువనీయలేదు. విజయనగర ప్రభువగు వేంకటపతి రాయలవలన తాము అనుమతి పొందియున్నామనియు, ఇతరులకు చోటులేదనియు చెప్పిరి. ఓడ ఉత్తరముగ సాగి నిజాంపట్నమును, ఆగస్టు చివర మచిలీపట్నమును చేరెను. అచట బట్టలు కొని, 1612 ఫిబ్రవరిలో బంటామునకును, పిమ్మట మలయా తీరమందలి పటానికిని, సయాము దేశమునకును పోయిరి. పటానిలో హిప్పన్ మరణించెను.

అక్కడ ఫ్లోరిస్ ఒక విచిత్రము గమనించి తన దినచర్యలో వ్రాసికొనెను. కొన్ని మంచి బట్టలకు అంచున సన్నని తెల్లని గీత లేనందున మలయా కొనుగోలుదారులు వానిని చిన్నచూపు చూచిరి. నూలు మంచిదే, రంగు మంచిదే. అయినను అంచు లేదు కనుక సరియైన ధర రాలేదు. ఏ దేశమునకు ఏ అంచు, ఏ పువ్వు, ఏ కొలత కావలెనో ఎరిగి నేయించిన వర్తకునికే లాభము. బట్టల దుకాణమున కూర్చుండు పామిడి వర్తకునికి ఈ మాట నేటికిని వింతగ తోచదు. గ్లోబు మరల మచిలీపట్నము మీదుగ 1615లో ఇంగ్లండు చేరెను. పెట్టుబడిపై 218 శాతము లాభము వచ్చెను.

చిరివేరు రహస్యము

ఇంతటి ఆదరము ఈ బట్టకేల? నేత నాణ్యము ఒక కారణము. ఉతికినను వెలిసిపోని రంగు మరియొక కారణము. దీనిలో చక్కని రసాయనశాస్త్రము ఉన్నది.

తెలుగు తీరపు ఎరుపునకు మూలము చిరివేరు. ఇది ఇసుక నేలలలో పెరుగు ఒక చిన్న మొక్క వేరు. నిజాంపట్నపు ప్రాంతపు వేరు మిక్కిలి పేరుపడినది. దీనిలోని రంగుపదార్థము అలిజరిన్. విచిత్రమేమనగా, అలిజరిన్ ఒంటరిగ నూలును పట్టుకొనదు. ఉన్నికంటె నూలునకు రంగు పట్టించుట కష్టము. మధ్యవర్తి ఒకడు కావలెను. ఆ మధ్యవర్తి పటిక. పటికలోని అల్యూమినియము ఒక చేత నూలును, మరొక చేత అలిజరినును పట్టి, నీటిలో కరుగని ఎర్రని సంయోగపదార్థమును పోగులోనే ఏర్పరచును. కాల్షియము తోడైనచో ఎరుపు మరింత ప్రకాశించును. గవ్వల సున్నము కలసిన సముద్రతీరపు నేలలో పెరిగిన వేరునకు పేరు వచ్చుటకు ఇది ఒక కారణమని చెప్పుదురు.

మన రంగులవారు ఈ సూత్రమును అనుభవముతో గ్రహించియుండిరి. బట్టను కరక్కాయ కషాయములో, పాలలో నానబెట్టెదరు. కరక్కాయలోని టానిను పటికను పోగునందు నిలుపును. పాలలోని క్రొవ్వు చిత్రించిన గీత ప్రక్కలకు పాకకుండ చేయును. ఎరుపు కావలసిన చోట పటికనీటితోను, నలుపు కావలసిన చోట ఇనుపతుప్పును బెల్లపునీటిలో ఊరవేసిన కసిమితోను చిత్రించెదరు. ఆ పిమ్మట బట్టనంతయు చిరివేరు నీటిలో ఉడికించి, పారు నీటిలో ఉతికెదరు. పటిక తగిలిన చోట ఎరుపు నిలుచును. తగులని చోట పోవును. మచిలీపట్నపు సమీపమునగల పెడనలోను, శ్రీకాళహస్తిలోను నేటికిని నడచుచున్న కలంకారీ పనికి ఆధారమిదియే. ఐరోపాలో అప్పటికి నూలుపై ఇట్టి చెక్కుచెదరని చిత్రములు వేయుట రాదు. 1742లో ఫ్రెంచి జెసూటు మతాచార్యుడగు కేర్దో ఈ పద్ధతిని వివరముగ వ్రాసి తన దేశమునకు పంపెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. చిరివేరు దొరకుట కష్టము కనుక, ఆ కుటుంబమునకే చెందిన మంజిష్ఠను మూలికల అంగడిలో కొనవచ్చును. గంజి లేని తెల్లని నూలుగుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టవలెను. చిక్కని పటికనీటితో, పుల్లకు చుట్టిన దూదితో, దానిపై ఒక అక్షరము వ్రాసి రెండు దినములు ఆరనీయవలెను. తరువాత మంజిష్ఠ పొడి కలిపిన నీటిలో మెల్లగ వేడిచేసి బాగుగ ఉతుకవలెను. కంటికి కనబడకుండనున్న అక్షరము ఎర్రగ తేలివచ్చును. వేడినీటి పని మాత్రము ఉపాధ్యాయులే చేయుట మంచిది.

బట్టకు చెల్లిన మూల్యము

ఈ కథను లాభముల లెక్కతో ముగించుట న్యాయము కాదు. సరకు ఎవరిది, ప్రాణము ఎవరిది అను లెక్కయు చూడవలెను.

పోర్చుగీసువారు సముద్రము తమదేయని చాటి, తమ అనుమతిపత్రము లేని ఓడలను పట్టుకొనుచుండిరి. గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చిన సముద్రముపై వీరు భయమును పన్నుగ వసూలుచేసిరి. డచ్చివారు ఒక అడుగు ముందునకు వేసిరి. జాజికాయ తమకుతప్ప ఇతరులకు దొరకరాదని 1621లో యాన్ పీటర్‌జూన్ కూన్ నాయకత్వమున బాండా దీవులపై దండెత్తిరి. సుమారు 15,000 మంది యుండిన ఆ దీవులలో అత్యధికులు చంపబడిరి, లేదా ఆకలిచే మరణించిరి, లేదా బానిసలుగ తరలింపబడిరి.

మన తీరమున మగ్గమే ఆధారముగ బ్రతుకువాడు గాలిపై ఆధారపడినవాడు. తీరపు నేతపనివానికి పత్తి ఎక్కువగ లోపలి మెట్టభూములనుండి బంజారాల ఎద్దుల మందలపై వచ్చుచుండెను. తిండిగింజ వానపై ఆధారపడియుండెను. వాన తప్పినచో పత్తి ధరయు, గింజ ధరయు ఒకేసారి పెరుగును. వర్తకుడు ముందుగ ఇచ్చిన బయానా మాత్రము పెరుగదు. 1630లో వానలు తప్పి గుజరాతును దక్కనును క్షామము ఆవరించెను. 1632 వరకు దాని బాధ తీరలేదు. మచిలీపట్నపు ప్రాంతమునను నేతవారును, బట్టలు చలువచేయు చాకలివారును పెక్కుమంది చనిపోయిరి. కొనువారుండియు బట్ట లేకపోయెను. ఇట్టి కరువులలో డచ్చివారు కోరమండల తీరమున ఆకలిగొన్న ప్రజలను బానిసలుగ కొని బటావియా మొదలగు చోట్లకు ఓడలలో పంపిరి. అంతవరకు బట్టల మూటలు నింపిన ఓడలలోనే నేడు మనుష్యులను నింపిరి. కరువు అను మాటకు అర్థము పుస్తకములు చూడకయే తెలిసిన అనంతపురపు పాఠకులకు ఈ వాక్యమును వివరింప పనిలేదు.

ఓడల త్రోవ తిరిగిన విధము

క్రమముగ ఈ బట్ట లవంగములకు మారకముగానే కాక, స్వయముగ ఐరోపాకే పోవుట ఆరంభించెను. చీటీగుడ్డలును కాలికట్టు పేరుతో పిలువబడు కాలికోలును అచటి స్త్రీపురుషులు ఎగబడి కొనిరి. అచటి నేతవారు భీతిల్లిరి. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు నూలుబట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో ఒక చట్టము, 1721లో మరింత కఠినమైన చట్టము చేసెను. ఆ రక్షణలో వారు నూలు వడకుట, రంగు వేయుట నేర్చి, యంత్రములు కనిపెట్టి, 19వ శతాబ్దిలో తమ బట్టనే మనకు పంపిరి. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అను శాస్త్రజ్ఞులు తారులో లభించు ఆంత్రసీనునుండి అలిజరినును కృత్రిమముగ తయారుచేసిరి. మరుసటి యేట ఇంగ్లండులో పెర్కిన్ చౌకగ తయారుచేయు పద్ధతి కనిపెట్టెను. దానితో ఇసుకనేలలలో చిరివేరు త్రవ్వువారి పని తగ్గిపోయెను.

నేటికిని మచిలీపట్నమున వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు నిలిచియున్నవి. వలందులనగా హాలెండువారు, పరాసులనగా ఫ్రెంచివారు. వచ్చినవారి పేర్లు వీధులకు మిగిలినవి. మాలిందీలో ఓడ నడిపిన గుజరాతీ మార్గదర్శి పేరు మాత్రము గామా యాత్రను గూర్చిన దినచర్యలో లేదు. నిజాంపట్నపు వేరు త్రవ్వినవారి పేర్లు, మచిలీపట్నపు బట్ట నేసినవారి పేర్లు ఓడల లెక్కపుస్తకములకు అవసరము కాలేదు.

కనుక ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఒక సూచన. “వాస్కో డ గామా భారతదేశమునకు సముద్రమార్గము కనుగొనెను” అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, దానిని విద్యార్థులచేతనే పూర్తిచేయింపుడు. ఎవరికి క్రొత్తదైన మార్గము? ఎవరు చూపగా? ఏ నెల గాలిలో? ఏ సరకుతో బేరము కుదిరెను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుసరికి ఆ ఒక్క వాక్యము బల్లనంతయు నిండును. అందులో పోర్చుగలు రాజుతోపాటు గుజరాతీ నావికుడును, బాండా దీవి రైతును, చిరివేరు ఉడికించిన తెలుగు పనివాడును చోటు పొందుదురు.